ఉసిళ్ళు లేచాక

కాటానింగ్‌లో మా వంటింటి బల్ల మీద
దేశం పరిచాం.
మూలలు లేవకుండా ఉప్పు డబ్బా, టార్చిలైటు,
గోధుమ గింజలు మిగిలిన శాంపిల్ కప్పు,
నాలుగో మూలకి శేషు మోచెయ్యి.
తాస్మేనియా బల్ల అంచు దాటి
గాల్లో వేలాడుతోంది.
దాన్ని ఇంకో ఏడాదికి వదిలేశాం.

శేషుకి గళ్ళంటే నమ్మకం.
జూన్: బ్రూమ్. జులై: కింబర్లీ మట్టి రోడ్డు.
ఆగస్టు ఆఖరు: ములేవా దగ్గర
నేల మీద దండల్లా పూసే పూలు.
సెప్టెంబరు ఇరవై: ఇల్లు.
అక్టోబరు నించి నేను కాటా దగ్గర ఉండాలి.
లారీలోంచి గోధుమ తీసి తేమ చూడాలి,
పన్నెండున్నర దాటితే వెనక్కి పంపాలి,
రైతు తిట్టే తిట్లు కూడా తూచి పుచ్చుకోవాలి.
ఆ లారీలు ఆగేదాకా
నాకు ఉత్తరమూ లేదు, దక్షిణమూ లేదు.

డిసెంబరులో వెళ్ళకూడదా అనేవాళ్ళకి
చెప్పీ చెప్పీ జవాబు నున్నబడింది.
అప్పుడు ఉత్తరాన వాన.
వానంటే మన ముసురు కాదు,
రోడ్డుని నది ఎత్తుకుపోతుంది,
పెట్రోలు బంకు మనిషి తలుపుకి బోర్డు తగిలించి
పెర్త్‌లో చెల్లెలింటికి పోతాడు.
అదే రోజు మా ఊళ్ళో గడ్డి అగ్గిపుల్ల.
అదే రోజు వాల్‌పోల్ అడవిలో ఎవరో
స్వెట్టరు వేసుకుని టీ ఊదుకుంటారు.

నా లెక్కలు ఇక్కడ చెల్లవు.
రోళ్ళు పగిలే రోహిణి కార్తెలో
పాత లైబ్రరీ కార్డుతో
కారద్దం మీది మంచు గీకుతాను.
మృగశిరకి ముంగిలి చల్లబడటం కాదు,
ముక్కే గడ్డకడుతుంది.

పక్కింటి మార్లీన్, నూంగార్ మనిషి,
స్కూలు బస్సు నడుపుతుంది,
కోడిగుడ్లు ఇవ్వడానికొచ్చి కాగితం చూసింది.
"అన్నీ అంకెలే రాశారేం?"
వాళ్ళకి ఆరు ఋతువులట.
మాకూ ఆరే! అని కుర్చీలోంచి లేచాను.
ఎదురెదురుగా వేళ్ళు మడిచాం.
తన జెరాన్, నా వసంతం.
తన మకురు, నా గ్రీష్మం.
ఆరోదానికి ఇద్దరం రెండో చెయ్యి తీశాం.
లెక్క సరిపోయింది,
తన వేలు చలి అన్నచోట నా వేలు మండింది.

"మరి పైకి ఎప్పుడు బయల్దేరాలి?"
"పైన వేరేవాళ్ళ నేల. అక్కడికి పోయి వాళ్ళనడగండి.
ఇక్కణ్ణించి కదలడానికైతే
రెక్కల చీమలు లేవనీ.
పొద్దున్నే గడ్డి తడిగా ఉండనీ."
గుడ్లు ఆరున్నాయో లేదో చూసుకోమని వెళ్ళిపోయింది.

ఉసిళ్ళు.
ఎన్నేళ్ళయిందో ఆ మాట అని.
ఆ వారమంతా ఊరికే అన్నాను,
పళ్ళు తోముకుంటూ కూడా.
శేషు మాత్రం
కారవాన్ టైర్లలో గాలి చూస్తూ
"ఉసిళ్ళకి తేదీ ఉండదా" అన్నాడు.

ఏప్రిల్ పదకొండు, శనివారం.
వెనక మెట్ల మీది దీపం చుట్టూ
ముందు పదో పన్నెండో,
తర్వాత లెక్కలేదు.
దోమతెర నిండా రాలిన రెక్కలు.
బల్లికి పండగ.
శేషు చెప్పుల్లేకుండా వచ్చాడు, చేతిలో కాగితం.
మొదటి గడి కొట్టేసి
అంకె ఉన్నచోట మాట రాశాడు,
'ళ్ళు' కింద వత్తు మర్చిపోయి మళ్ళీ దిద్దాడు.

నా సెలవు మే మూడు నించి.
ఇంకా ఇరవై రెండు రోజులు.
నీళ్ళ ట్యాంకు నింపాం,
ఒలికినచోట తొక్కుకుంటూ.
పొద్దున్న గడ్డి తడిగా ఉందో లేదో చూడ్డానికి
ఇద్దరం అలారం పెట్టుకున్నాం.